తోటికోడలి గొంతు

నాకు మా తోటికోడలంటే కుళ్ళు. అసూయ అని రాస్తే కాస్త గౌరవంగా ఉంటుందని తెలుసు. పిల్లల కథలు రాసి బతికేదాన్ని, ఏ మాట ఎక్కడ వాడాలో నాకు ఆ మాత్రం తెలియకపోదు. కానీ నాది కుళ్ళే. ఆదివారం తను మా ఇంటికి వస్తోందంటే శనివారం నుంచే నా ముఖం మాడిపోయేది.

తను మా మరిది భార్య. మరిది భిలాయి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తాడు, సెక్టర్ 2లో క్వార్టరు. మేము నెహ్రూ నగర్‌లో ఉంటాం, మా ఆయనకి సుపేలాలో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. తోటికోడలు పెళ్ళయి ఇక్కడికి వచ్చి పదేళ్ళు దాటింది. పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, జీడితోటల మధ్య. నేను భిలాయిలోనే పుట్టాను.

నాకు తెలుగు ఎలా వచ్చిందో చెప్పకపోతే నా కడుపుమంట ఎవరికీ అర్థం కాదు. బడిలో హిందీ, వీధిలో హిందీ. ఇంట్లో అమ్మానాన్నలది విజయనగరం తెలుగు, అందులో సగం ప్లాంటు ఇంగ్లీషు. ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడు నా మాట విని కడుపుబ్బ నవ్వేవారు. ఆ నవ్వుకి పంతం పట్టి తెలుగు నేర్చుకున్నాను. నాన్న దుర్గ్ స్టేషన్‌లో కొని తెచ్చే వారపత్రికని వేలు పెట్టుకుని చదివేదాన్ని, కొత్త మాటలు నోటు పుస్తకంలో ఎక్కించేదాన్ని. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి మా ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగు నేను రాస్తున్నాను. అచ్చులో ఉన్నదే అసలు తెలుగనీ, అమ్మ మాట్లాడేది తప్పుల తెలుగనీ నమ్మాను. ఇక్కడ పుట్టి పెరిగిన మాలాంటి వాళ్ళలో చాలామంది ఈ పొరపాటే చేస్తారు. నేను దాన్నే జీవనోపాధి చేసుకున్నాను.

కుట్టు మిషను మీద ప్లైవుడ్ చెక్క వేసుకుంటే అదే నా ఆఫీసు. పిల్లల పత్రికలకి కథలు, బడి పుస్తకాలకి పాఠాలు, ఫోన్లో పసిపిల్లలకి చూపించే పాటలు, యానిమేషన్ వాళ్ళకి స్క్రిప్టులు రాస్తాను. పెన్సిల్‌తో బొమ్మలు కూడా వేసి పంపుతాను, ఎలుక ఇక్కడ నిలబడాలి, పిల్లి అటు నుంచి రావాలి అని. పంపిన పది కథల్లో రెండు నిలుస్తాయి. పక్కింటి శుక్లా భార్య లాంటి వాళ్ళకి నేను ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టే లెక్క. "దీదీ, ఆప్ తో ఘర్ పే హీ రహతీ హైఁ", మీరు ఇంట్లోనే ఉంటారుగా అంటూ గ్యాస్ సిలిండర్ తీసుకునే పని నాకు అప్పజెప్పి వెళ్ళిపోతారు.

ఇంత చేస్తానా, నా కూతురు మాత్రం కథ చెప్పమని నన్ను అడగదు. పిన్ని వస్తే చాలు, తన ఒళ్ళో తల పెట్టేస్తుంది. నా కథలు అచ్చయిన పత్రికలు అలమారాలో దొంతరగా ఉంటాయి, వాటి మీద దుమ్ము నేనే తుడుచుకుంటాను. పిన్ని చెప్పేవేమో కథలు కూడా కావు. వాళ్ళ అమ్మ పొద్దున్నే జీడితోటలోకి వెళ్తూ ఎలుగుబంటికి వినబడేలా ఎలా కేక వేసేదో చెబుతుంది. ఉద్దానంలో పనసపండు వాసనకి ఎలుగులు తోటల్లోకి వస్తాయట. మొదలూ చివరా లేని ఆ కబుర్లకి నా కూతురు నోరు తెరుచుకుని కూర్చునేది. వంటింట్లోంచి అది చూస్తూ నేను పప్పు మాడ్చిన రోజులున్నాయి.

ఎలుగు సంగతి నేను వాడుకున్నాను, అందులో దాపరికం లేదు. హైదరాబాదులో ఒక చిన్న యానిమేషన్ స్టూడియో ఆరు భాగాల పిల్లల సీరియల్ కోసం కథ అడిగితే, తోటలో ఒంటరిగా ఉండే ముసలమ్మ, పండ్ల కోసం వచ్చే ఎలుగు అని రాసి పంపాను. నచ్చింది. ముసలమ్మని నేను "అవ్వ" అని రాశాను, పుస్తకాల్లో అలాగే ఉంటుంది కాబట్టి. నా అవ్వ ఎలుగుతో చక్కటి వాక్యాలు మాట్లాడేది. "ఓ ఎలుగుబంటీ, ఆశ ఎక్కువైతే అనర్థమే సుమా" లాంటివి. అవి రాసినప్పుడు నాకు నేనే శభాష్ అనుకున్నాను.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. బొమ్మలు కదిలించడానికి ముందు, ఏ మాటకి ఎంతసేపు పడుతుందో తెలియడానికి ఎవరిదో ఒక గొంతుతో మాటలన్నీ చదివించి పెట్టుకుంటారు. దాన్ని స్క్రాచ్ వాయిస్ అంటారు. తర్వాత అసలు నటులు వచ్చి చెబుతారు, ఈ కచ్చా గొంతు తీసేస్తారు. ఖర్చు లేకుండా అయిపోతుందని రచయితల చేతే చదివిస్తారు. నేను బట్టల బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్యకి తల దూర్చి, మీద బొంత కప్పుకుని ఫోన్లో రికార్డు చేసి పంపుతాను.

మొదటి భాగం పంపాల్సిన ఆదివారం నా గొంతు పూర్తిగా పోయింది. జలుబు. మాట కాదు, గాలి మాత్రమే వస్తోంది. తోటికోడలు భోజనానికి వచ్చి ఉంది. కాగితం తన చేతిలో పెట్టి, బీరువా ముందు కూర్చోబెట్టి, బొంత కప్పాను. ఊరికే చదివితే చాలని సైగ చేశాను.

మూడు వాక్యాలు చదివి ఆగిపోయింది. "అక్కా, ఈ ముసిలమ్మ ఇలాగ మాటాడదు. ఎలుగుతోటి ఎవులు ఇలాగ మాటాడతారు?" అంది బొంతలోంచి. గొంతు ఉంటే ఏమనేదాన్నో. చెయ్యి ఊపాను, నీ ఇష్టం కానియ్యి అన్నట్టు. తను కాగితం పక్కన పెట్టింది. "వచ్చినావేటి మళ్ళీ? పొద్దు పొడవక ముందే ఏటి నీకు తొందర? నాను రావద్దేటి తోటలోకి? అటు తప్పుకో, నీకో పండు ఒగ్గేత్తాన్లే" అంటూ మొదలుపెట్టింది. గుమ్మంలో నా కూతురు అప్పటికే కూర్చుని ఉంది. ఎలాగూ తీసేసే గొంతే కదా అని అలాగే పంపేశాను.

రెండు రోజుల తర్వాత స్టూడియో అబ్బాయి ఫోన్ చేశాడు. సీరియల్ పని చూసేది అతనే. నమస్కారం కూడా చెప్పలేదు. "మేడం, ఆ గొంతు ఎవరిది? మా వాళ్ళు పని ఆపేసి మరీ విన్నారు. వేరే నటి వద్దు, ఆరు భాగాలూ ఆవిడ చేతే చెప్పించండి. మీ స్క్రిప్టు పక్కన పెట్టేశాం మేడం, ఆవిడ మాట విని బొమ్మలు గీస్తున్నాం. మీరేం అనుకోకండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళ పాటు ఒక్కొక్క మాటా ఏరుకుని తెలుగు నేర్చుకున్నది నేను. పదో తరగతితో చదువు ఆపేసి, మాగజైను పేజీ కూడా తిప్పని మనిషి బొంత కప్పుకుని పది నిమిషాలు వాగితే నా కాగితం పక్కకి పోయింది. నా కూతురితో సరిపెట్టుకోలేదా, ఇప్పుడు నా పని కూడా కావాలా అనిపించింది. తను అడగనే లేదని తెలుసు. తెలిసినా ఒళ్ళు మండింది.

"ఆవిడ చెయ్యదండీ" అన్నాను. "ఇంట్లో ఒప్పుకోరు. ఆ యాస నాకూ వచ్చు, నేనే చెబుతాను."

అంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం. ఆ అబ్బాయి కాసేపు బతిమాలి, సరే ఒకసారి పంపండి అన్నాడు. ఆ వారమంతా నేను బొంత కింద కూర్చుని తోటికోడలి రికార్డింగు వింటూ తనలా మాట్లాడడం ప్రాక్టీసు చేశాను. అమ్మ నోట విన్న ఏ మాటల్ని తప్పులనుకున్నానో, ఏవి నా నోట్లోంచి రాకుండా ఏళ్ళ తరబడి కడిగేసుకున్నానో, అవే మాటలు. నాలుక తిరగలేదు. తిరిగేదాకా ఒగ్గలేదు. చివరికి స్టూడియో వాళ్ళు ఒప్పుకున్నారు, మొదటిదంత లేదు కానీ పర్వాలేదన్నారు. ఆ పర్వాలేదు అన్న మాట ఇప్పటికీ ముల్లులా ఉంది.

మిగతా అయిదు భాగాలకి మాటలు కావాలిగా. ఆదివారాలు తనకి టీ పెట్టి ఇచ్చి, మీ అమ్మ ఎలుగుని ఇంకా ఏమనేదే అని అడిగేదాన్ని. పదేళ్ళలో ఎప్పుడూ అడగని అక్క అడుగుతోందని తను సంబరపడిపోయి చెప్పేది. వంటింట్లోకి వెళ్ళి కూరగాయల చీటీ వెనక రాసుకునేదాన్ని. అవ్వని మామ్మ చేశాను, అది కూడా తను అన్నదే.

ఆరు భాగాలూ పూర్తయ్యాయి. మొదటిది విడుదలైన సాయంత్రం సెక్టర్ 2 క్వార్టరులో అందరం కూర్చున్నాం. మరిది ఫోనుని టీవీకి కలిపాడు. కథ, మాటలు, మామ్మ గొంతు అని మూడు చోట్లా నా పేరే పడింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. తోటలో ఎలుగు కనబడింది, మామ్మ నోరు విప్పింది.

తోటికోడలు ముందు ఫక్కున నవ్వింది. "ఓలమ్మ, మా అమ్మలాగే అంతన్నాది" అంది. తర్వాత నవ్వు తగ్గింది. నా కూతురు తల తిప్పి, "మమ్మీ, యే తో పిన్ని హై నా?" అంది, ఇది పిన్నే కదా అని. కాదు, మీ అమ్మే అన్నాడు మా ఆయన. తోటికోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది.

వెనకాలే వెళ్ళాను. పీట మీద కూర్చుని ఎర్ర తోటకూర ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నన్ను అడిగుంటే వచ్చీదాన్ని కదక్కా" అంది.

నేను నోరు తెరిచేలోగా తనే జవాబు చెప్పుకుంది. "అయినా ఎందుకడుగుతారులే. నా మాట మోటుగుంటాది. నువ్వంటే సదువుకున్నదానివి, అదే మాట నువ్వంటే అందంగుంటాది. మా ఆయనా అంతారు, నీ యాస ఎవులింటారే అని. ఆరోజు బొంతలో ఊరికే వాగినాను, నీకు ఆల దగ్గర నామర్దా అయిందేటో అనుకున్నాను."

పదేళ్ళుగా నేను కోరుకున్నది ఇదే. నా ముందు తను తక్కువ అనుకోవాలని. ఒక్క క్షణం హాయిగా అనిపించింది, ఆ మాట దాచను. ఆ క్షణం గడిచాక ఆ పీట ముందు నేలమీద కూర్చున్నాను.

"వాళ్ళు నిన్నే అడిగారు" అన్నాను. "నీ చేతే చెప్పించమన్నారు. నువ్వు చెయ్యవని నేనే అబద్ధం చెప్పాను. నీ మీద కుళ్ళుతో."

తోటకూర కాడ తన చేతిలో అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రికార్డింగులు అయిపోయాయి, ఆ గొంతుకి తగ్గట్టు మామ్మ పెదాలు కదిలించేశారు, ఇప్పుడు మార్చడం కుదరదు. తనకి తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదనుకున్నాను.

"ఏటన్నారు?" అంది.

"ఎవరు?"

"ఆలే. నా గొంతు గురించి ఏటన్నారు?"

పని ఆపి మరీ విన్నారని, వేరే నటి వద్దన్నారని చెప్పాను. తను నా ముఖంలోకే చూస్తోంది. ఇంతకాలం నేను ఎవరి మాటనైనా ఇంత శ్రద్ధగా విన్నానా అనిపించింది.

"అంతేనా? ఇంకేటీ అన్లేదా?"

చెప్పకుండా ఉండొచ్చు. తనకి ఎలా తెలుస్తుంది? కానీ చెప్పేశాను. నా స్క్రిప్టు పక్కన పెట్టేశారనీ, తన మాట విని బొమ్మలు గీశారనీ. ఆ ముక్క నోట్లోంచి వస్తుంటే నా చెవులు వేడెక్కిపోయాయి.

తను మెల్లగా తల ఊపింది. "మళ్ళీ సెప్పక్కా" అంది. మళ్ళీ చెప్పాను.

అప్పుడు లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి హాల్లోకి పిలిచింది. "ఏవండీ, ఓపాలి ఇటు రండి. అక్క మీకో మాట సెప్తాదంట."

మరిది వచ్చాడు. ఏమైందోనని మా ఆయనా వచ్చాడు, ఆయన వెనక నా కూతురు. తోటికోడలు తిరిగి పీట మీద కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"మొదట్నుంచి సెప్పు" అంది నాతో.

నేను మొదటి నుంచి చెప్పాను, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా.