కత్తి మీద చుక్కల పేరు

2022లో మల్లాపూర్ కార్ఖానాలో ఉక్కును కాల్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ పని మానేసి, నాచారంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న కొలిమి పెట్టుకున్నాను. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. కత్తి పట్టుకుని ఎవరైనా వస్తేనే నా గొంతు నాకు వినపడేది.

ఒక మధ్యాహ్నం లాలాపేట్‌లో చేపలు కోసే యాదమ్మ వచ్చింది. లారీ చక్రాల పైనుండే ఉక్కు కమాన్ పట్టీతో ఆమె భర్త చేసిచ్చిన కత్తి అది. ఆయన ఇప్పుడు లేడు. ఊడిన పిడి బిగించడానికి పిడిలోకి దిగే కొస ఒక్కటి కాలిస్తే చాలు, ఆమె కత్తి మొత్తాన్నీ పొయ్యిలో ఎర్రగా కాల్చింది. ఇంకేముంది, ఉక్కు మెత్తబడిపోయింది.

"పొలుసు గూడ పోతలేదన్నా. జర సూడు."

ఇంట్లో గిన్నెల మీద కొట్టించినట్టే, కత్తి మీద చుక్కచుక్కలుగా పేరుంది: యాదమ్మ.

"బజార్ల అందరికి నేను చేపలమ్మనే. పేరు వెట్టి పిలిచెటోడు ఆయనొక్కడే" అంది.

ఎర్రగా కాలిన ఉక్కును ఒక్కసారిగా నూనెలో ముంచి గట్టిపరచడాన్ని క్వెంచింగ్ అంటాం. అప్పుడు ఉక్కు బిగుసుకుంటుంది. గాటున్న చోట పగులుతుంది. ఆ చుక్కలన్నీ గాట్లే. వాటిని అరగదీయాలి, లేదా పని వద్దనాలి. నాకు తెలుసు. అయినా ఆమెకు చెప్పలేదు. వద్దంటే ఆమె లేచి వెళ్లిపోతుంది. నేను మనిషితో నాలుగు మాటలు మాట్లాడి పదిరోజులైంది.

"ముప్పై ఏండ్ల సంది ఇదే పని జేస్తున్న. ఫికర్ జెయ్యకమ్మా" అని చెప్పి ఛాయ్ పెట్టాను.

సరిపడా కాలిన ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు; అందాకా కాల్చి, కత్తిని నూనెలో దించాను. బుస్సుమంది. ఆ వెనకే సన్నగా టిక్‌మంది. మా పనిలో ఆ చప్పుడంటే భయపడనివాడు లేడు. తుడిచి చూస్తే 'ద' మీంచి అంచుదాకా వెంట్రుకంత పగులు.

"గిట్లయితదని నీకు ముందుగల్లనే ఎర్కేనా అన్నా?"

"ఎర్కేనమ్మా."

"మరి చెప్పొద్దా? మెత్తగుంటే మెత్తగనే దాసుకుంటుంటి గదా!"

కత్తిని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఛాయ్ ముట్టనే లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి ఎవరొచ్చినా, పగలొచ్చు అన్న మాటే ముందు చెప్తున్నాను. సగం మంది వెనక్కి పోతారు. ఆ రోజిక మాటామంతీ ఉండదు. లేకపోతే మానె. ఆగినవాళ్లను మాత్రం, కొలిమి రాజేసే ముందు, పేరడిగి ఆ పేరుతోనే పిలుస్తాను.

యాదమ్మను ఒక్కసారైనా అలా పిలవలేదు.