ఆఖరి తలుపు దగ్గర అవ్వ

దయ్యాల ముచ్చట్లు నా దగ్గరికి తేవద్దని మా స్టాఫ్ రూంలో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఓసారి తొమ్మిదో తరగతి పిల్లకు గాలి సోకిందని వాళ్ల తల్లి తాయెత్తు కట్టించి తీసుకొస్తే, ముందు రక్తపరీక్ష చేయించమని గేటు దగ్గరి నుంచే పంపించాను. నెత్తురు తక్కువుందని తేలింది. అలాంటి మనిషిని నేను. దయ్యాలను నమ్మను, నమ్మేవాళ్లతో వాదం కూడా పెట్టుకోను. ఒళ్లు మండుతుంది.

అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. మా ఇంట్లో, పట్టపగలు, నా కళ్ల ముందు జరిగింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. కళ్లూ చెవులూ బాగానే పనిచేస్తున్నాయి.

మాది చొప్పదండి పక్కన ఒక ఊరు. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. తొంభైల మొదటి సంవత్సరాలవి. బాపు మస్కట్‌లో ఇనుప చువ్వలు వంచి కట్టే పనిలో ఉండేవాడు. ఇంట్లో అవ్వ, నేను, బాపు తల్లి మా బాపమ్మ. బాపమ్మకు రెండు కళ్లలోనూ పొరలు వచ్చాయి. చెవులు మాత్రం పాము చెవులు.

అవ్వ పేరు రాజవ్వ. మా వాడకట్టు ఆడవాళ్లందరిలాగే బీడీలు చేసేది. ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, చివరికి బొటనవేలి గోరుతో బీడీ మూతి మడిచేది. ఆ గోరు కోసం కుడిచేతి బొటనవేలికి ఎప్పుడూ గోరు పెంచుకునేది. అది అరిగి, పసుపురంగు తిరిగి, కొమ్ములా గట్టిగా ఉండేది. ఈ గోరు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒకసారి మా ఊరాయన సెలవు మీద వస్తుంటే, అతని చేత బాపు నా కోసం వీడియో గేమ్ పంపాడు. వైరు తెచ్చి టీవీకి తగిలించి ఆడుకునే రకం. దాంతో ఒక్కటే క్యాసెట్. దాని మీద రాసిన అక్షరాలు ఏ భాషో కూడా మాకు తెలియదు. అందులో ఒక పొట్టి మనిషి బల్లెం పట్టుకుని ఉరుకుతుంటాడు. గుంతలు దూకాలి, గబ్బిలాలను కొట్టాలి, నిప్పుల మీదుగా పోవాలి. మొత్తం ఆరు మెట్లు. బాగా ఆడితే అరగంటలో అయిపోతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే.

నేను మూడో మెట్టు దాటడానికి నెల పట్టింది. అవ్వ పక్కన కూర్చుని బీడీలు చేస్తూ చూసేది. ఒకరోజు చాట పక్కన పెట్టి, "ఇటియ్యి, గా పొట్టోన్ని ఎన్నిసార్లు సంపుతవ్?" అని గుంజుకుంది. వారం తిరిగేసరికి ఐదో మెట్టులో ఉంది.

నవ్వకండి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్లవి. ఏ వేలు ఎప్పుడు కదలాలో వాటికి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం కరెంటు ఉన్న గంటసేపు అవ్వ ఆడేది, నేను పక్కన కూర్చునేదాన్ని. ఆ గోరు ప్లాస్టిక్ బటన్‌కు తగిలి టిక్, టిక్ మని చప్పుడయ్యేది. వెనక అర్రలోంచి బాపమ్మ రోజూ ఒకే మాట అరిచేది. "ఓ రాజవ్వా, ఇగ చాలు, లే. ఆకు ఎండుతున్నది!"

"గీ ఒక్క గుంత దాటి వస్త అత్తా," అనేది అవ్వ.

"గా పొట్టోడేమన్న నీకు బీడీలు చుట్టిస్తడా?" అని బాపమ్మ గొణిగేది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మూడేళ్ల నుంచి మొగుడు దగ్గర లేని మనిషి అలా నవ్వడం నేను ఆ ఆట ముందు కూర్చున్నప్పుడే చూశాను.

ఆరో మెట్టు చివర ఒక ఇనుప తలుపు ఉంటుంది. దానికి మూడు దెబ్బలు కొడితే ఆట గెలిచినట్టే. అవ్వ మొదటిసారి అక్కడికి చేరినప్పుడు నేను ఎగిరి గంతేశాను. అవ్వ మాత్రం చేతులు ఆపేసింది. "మీ బాపుకు జాబు రాయి," అంది. అవ్వకు చదువు రాదు, జాబులన్నీ నేనే రాసేదాన్ని. నువ్వు పంపిన ఆటలో చివరిదాకా వచ్చానని, తలుపు కొట్టాలా అని అడిగింది. బాపు జవాబు రాశాడు. "కొట్టకు. నేనొచ్చినంక నా ముంగట కొట్టు. సూస్త."

అంతే. అప్పటి నుంచి అవ్వ ప్రతిసారీ ఆ తలుపు దాకా పోవడం, కాసేపు చూడటం, స్విచ్ తీసేయడం. బాపు మాత్రం రాలేదు. ఆ దసరాకు వస్తానన్నాడు, రాలేదు. ఎండాకాలం వస్తానన్నాడు, సేఠ్ సెలవియ్యలే అని రాశాడు.

వానాకాలం మొదట్లో అవ్వకు దగ్గు పట్టింది. తంబాకు ముట్టేవాళ్లందరికీ దగ్గు ఉంటుంది కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. నెత్తురు పడ్డాక కరీంనగర్ దవాఖానకు పోదామనుకున్నాం. పోయేరోజు బాపమ్మ పక్కింటామె చెయ్యి పట్టుకుని జీపు మాట్లాడటానికి పోయింది. ఇంట్లో అవ్వ, నేను ఇద్దరమే. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఆట పెట్టమంది. మధ్యమధ్య దగ్గుతూ, చెమటలు కారుతూ, ఆఖరి తలుపు దాకా పోయింది. అక్కడ ఆగి, తెర మీంచి చూపు తిప్పకుండానే నన్ను అడిగింది.

"కొట్టాల్నా, ఆగాల్నా, నా తల్లీ?"

"ఆగు అవ్వా. బాపు రానీ," అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఆట అయిపోతే అవ్వకు ఇంటికి తిరిగి రావడానికి ఏమీ మిగలదేమోనని భయమేసింది. పిల్లబుద్ధి. అవ్వ తలూపి స్విచ్ తీసేసింది. ఆ ముచ్చట నేను ఎవరికీ చెప్పలేదు. బాపమ్మకు కూడా.

దవాఖానలో పద్దెనిమిది రోజులు ఉంది. తిరిగి రాలేదు. బాపుకు ఫోన్ చేయిస్తే పాస్‌పోర్ట్ సేఠ్ దగ్గరుందని, కాళ్లావేళ్లా పడుతున్నానని ఏడ్చాడు. అవ్వ పోయిన ఎనిమిదో రోజున ఇల్లు చేరాడు. అప్పటికి పెద్దబాపు కొడుకు నిప్పు పెట్టాడు, బూడిద కూడా వాగులో కలిపారు. బాపు గడప మీద కూలబడి, "మొకం సుత సూడలే, మొకం సుత సూడలే," అంటూ తల కొట్టుకున్నాడు.

పదకొండో రోజు ఊరి బయట పిట్టకు పెట్టారు. అవ్వకు ఇష్టమైన గారెలు, కోడికూర, గ్లాసులో చాయ. కాకి వచ్చి ముట్టాలి. చెట్టు మీద మూడు కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. మనసులో ఏదో కోరిక ఉండిపోయిందన్నారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇచ్చారు. నీ బిడ్డను చదివిస్తం రాజవ్వా అన్నారు. నీ అత్తను మంచిగ చూసుకుంటం అన్నారు. బాపు చేతులు జోడించి, ఇంక మస్కట్ పోను అన్నాడు. ఎండలో గంటసేపు నిలబడ్డాం. కాకి దిగలేదు. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టి స్నానాలకు పోయాం.

నాకు ఇనుప తలుపే గుర్తొస్తోంది. అంతమంది పెద్దవాళ్ల ముందు వీడియో గేమ్ అని ఎలా చెప్పను?

మర్నాడు చుట్టాలందరూ వెళ్లిపోయారు. మధ్యాహ్నం బాపు నన్ను పిలిచి, "పిల్లా, మీ అవ్వ మనసుల ఏమున్నదో నీకెరుకనా?" అన్నాడు. బాపు నన్ను ఎప్పుడూ పిల్లా అనే పిలుస్తాడు. నేను పోయి ఆట తెచ్చి టీవీకి తగిలించాను. బాపు తానే రాసిన జాబు గుర్తొచ్చి మొహం కప్పుకున్నాడు. కొంచెం సేపటికి, "ఇటియ్యి. నేను ఆడుత," అన్నాడు.

ఇక్కడి నుంచి జరిగింది జరిగినట్టు రాస్తాను.

బాపుకు దాన్ని పట్టుకోవడమే రాలేదు. తలకిందులుగా పట్టుకుంటే నేను సరిచేశాను. మొదటి మెట్టు మొదటి గుంతలోనే పడ్డాడు. మూడుసార్లు పడితే ఆట పోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే గుంత. మూడోసారి పెట్టాక గుంత దాటాడు. తరువాతిదీ దాటాడు. గబ్బిలాలు వచ్చేచోట, అవి రాకముందే వంగాడు. నేను బాపు వైపు చూశాను. కళ్లార్పకుండా తెర చూస్తున్నాడు.

అప్పుడు వినబడింది. టిక్, టిక్, టిక్.

బాపు కుడి బొటనవేలికి గోరు లేదు. మస్కట్‌లో చువ్వల కట్ట పడి గోరు ఊడిపోయింది, మళ్లీ రాలేదు. ఉన్నది మెత్తటి కండ. నేను వంగి ఆ వేలినే చూశాను. కండ బటన్ మీద పడుతోంది, గోరు తగిలిన చప్పుడు వస్తోంది.

రెండో మెట్టు, మూడు, నాలుగు. నిప్పుల దగ్గర అవ్వ ఆగేచోటే ఆగాడు, అవ్వ ఉరికినప్పుడే ఉరికాడు. వెనక అర్రలోంచి బాపమ్మ కేకేసింది.

"ఓ రాజవ్వా, ఇగ చాలు, లే. ఆకు ఎండుతున్నది!"

కాసేపటికి బాపమ్మ ఏడుపు మొదలైంది. ముసలామె మరిచిపోయి అలవాటు కొద్దీ అందనుకోవచ్చు, నేనూ అలాగే అనుకోవాలని చూశాను. సాయంత్రం అడిగితే బాపమ్మకు కోపం వచ్చింది. "మర్సిపోయిననుకున్నవా? మర్సిపోలే. నా కోడలు గోటి సప్పుడు నాకెరుకలేదా?" అంది.

ఆట ఆరో మెట్టుకు వచ్చింది. ఇనుప తలుపు ముందు పొట్టివాడు ఆగాడు. బాపు తెర మీంచి చూపు తిప్పలేదు. గొంతు బాపుదే. మాట మెల్లగా వచ్చింది.

"కొట్టాల్నా, ఆగాల్నా, నా తల్లీ?"

నా తల్లీ అని బాపు నన్ను అంతకుముందు పిలవలేదు, ఆ తరువాతా పిలవలేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. భయం వేయలేదు, ఒట్టు. "కొట్టు అవ్వా," అన్నాను. "బాపు వచ్చిండు. కొట్టు."

మూడు దెబ్బలు. తలుపు తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. నల్లటి తెర మీద నాలుగు తెల్లటి అక్షరాలు వచ్చాయి, పొట్టివాడు ఒకసారి చెయ్యి ఊపాడు, అంతే. దానికోసమా ఇన్ని రోజులు ఆగింది అనిపించి గుండె పగిలింది. తరువాత ఆట తనంతట తానే మళ్లీ మొదటి మెట్టుకు వచ్చింది. పొట్టివాడు ఉరికి మొదటి గుంతలో పడ్డాడు.

బాపు నా వైపు తిరిగాడు. "ఏడ్వకు పిల్లా. మల్ల పెట్టు," అన్నాడు. "గీ గుంతనే దాటనిస్తలేదు. గా ఆఖరి తలుపు ఇంకెంత దూరముంటది?"

ఆయనకు ఏమీ తెలియదు. అరగంటలో ఒక్క క్షణం కూడా గుర్తులేదు. నువ్వే కొట్టినవ్ బాపూ అంటే, ఊరడించడానికి చెబుతున్నానని నా తల నిమిరాడు. ఆ తరువాత ఎన్ని రోజులు కూర్చున్నా రెండో మెట్టు దాటలేకపోయాడు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. మస్కట్‌లో ఎప్పుడైనా ఆడాడా అని ఆయన గదిలో ఉన్నవాళ్లను కూడా అడిగాను. ఆ గదిలో టీవీయే లేదన్నారు. దుఃఖంలో నేనే ఊహించుకున్నానా అంటే, బాపమ్మ విన్న చప్పుడు ఉంది. అవ్వ నన్నడిగిన మాట నేను ఎవరికీ చెప్పలేదన్నది ఉంది. మర్నాడు పొద్దున గోడ మీద పెట్టిన మెతుకులు కాకి తిన్నదని బాపమ్మ సంబరపడింది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను, మామూలు రోజుల్లో కూడా కాకులు తింటాయి.

బాపు మళ్లీ మస్కట్ పోలేదు. చాలా ఏళ్లు బతికాడు. మొదట్లో నమ్మనివాడు ముసలితనంలో నమ్మాడో, నమ్మాలనుకున్నాడో, నేను ఇంటికి పోయినప్పుడల్లా ఆ ముచ్చట చెప్పించుకునేవాడు. తలుపు ఎట్ల తెరుచుకుంది, పొట్టోడు చెయ్యి ఎట్ల ఊపిండు, మీ అవ్వ ఏమన్నది. అంతా విని చివరికి ఒక్కటే అడిగేవాడు.

"అప్పుడు నేను సూస్తున్ననా, పిల్లా?"

"సూస్తున్నవ్ బాపూ," అనేదాన్ని.

అబద్ధం కాదు. ఆయన కళ్లు తెర మీదే ఉన్నాయి. ఆ కళ్లలోంచి చూసింది ఎవరో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.