రేపటి ముద్ర

ముప్పై మూడేళ్లుగా ఆ ఆఫీసుకు వచ్చిన ప్రతి కాగితమూ ముందు ఆయన చేతిలోనే పడింది. కవరు విప్పడం, పైన విషయమేమిటో ఒక్క లైను చూడడం, తేదీ ముద్ర కొట్టడం, రిజిస్టరులో నంబరు వేయడం, ఏ సెక్షనుదైతే ఆ గూట్లో పడేయడం ఆయన పని. అందుకే అందరూ తపాలు మాస్టారు అనేవారు. ఒకరికి పాఠం చెప్పింది లేదు, బెత్తం పట్టింది లేదు, అయినా మాస్టారే. మధ్యలో ఒకసారి హోదాకు ముందు సీనియర్ అన్న ముక్క చేరింది గానీ కుర్చీ మారలేదు, కిటికీ మారలేదు, ఆ కిటికీకి అవతల నిలబడి గొణుక్కునే జనమూ మారలేదు.

కాగితం లోపల ఏముందో చదివే అలవాటు ఆయనకు లేదు. "విషయం చూస్తే చాలు, కథంతా మనకెందుకు?" అనేవాడు. కానీ ముద్ర దగ్గర మాత్రం మొండిఘటం. ఈరోజు అందిన కాగితానికి ఈరోజు తేదీయే పడాలి. నిన్నటి తేదీ కొట్టమని పెద్ద మనుషులు బతిమాలారు, బెదిరించారు. ఒకసారి ఆఫీసరే పిలిచి చెప్తే, "నా చేత కాదు సార్" అని వచ్చేశాడు. అందుకు మూడు నెలలు దుమ్ముకొట్టుకుపోయిన రికార్డు గదిలో కూర్చోబెట్టారు. దగ్గుతూ కూర్చున్నాడు తప్ప మాట మార్చలేదు. సాయంత్రం ఐదు కొట్టాక ముద్రలోని రబ్బరు చక్రాన్ని మర్నాటి తేదీకి తిప్పి, సొరుగులో పెట్టి తాళం వేసుకుని, అప్పుడే లేచేవాడు.

ఆయన చేరిన రెండేళ్లకు కాబోయే ఇంటావిడ ఆ ఆఫీసులోనే చేరింది. ఇంకో ఏడాదికి ఇద్దరికీ పెళ్లయింది. ఆవిడది కోర్టు కేసుల సెక్షను. ఆవిడ రాసిన జవాబు చదువుకుని అవతలి వకీలు వాయిదా అడిగిన రోజులున్నాయి. అవతలివాళ్లు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఈయనేమో సొంత పేగులు కూడా లెక్కపెట్టుకోలేని మనిషి.

పైకి వెళ్లాలంటే డిపార్టుమెంటు పరీక్ష ఒకటి పాసవ్వాలి. పెళ్లయ్యాక రెండో ఏడు ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. పరీక్ష నాటికి కూతురికి ఎనిమిది నెలలు. ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. "నువ్వు రాయి, నాకు వచ్చే ఏడుంది" అన్నాడు ఈయన. ఆవిడ లోపల రాస్తుంటే, పిల్లను భుజాన వేసుకుని పరీక్ష పెట్టిన బడి వరండాలో మూడు గంటలు తిరిగాడు. ఆవిడ మొదటిసారే పాసైంది. ఈయన ఆ వచ్చే ఏడు తప్పాడు, ఆ పైఏడు తప్పాడు, ఇంకోసారి తప్పి చివరికి గట్టెక్కాడు. ఆ మూడు గంటల సంగతి ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆయన కూడా ఎన్నడూ ఎత్తలేదు. మర్చిపోయాడా అంటే, అదీ లేదు.

ఇక అసలు సంగతికొస్తే, ఆయన రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుందనగా సీనియారిటీ తాత్కాలిక జాబితా నోటీసుబోర్డు ఎక్కింది. రెండు సూపరింటెండెంటు పోస్టులు ఖాళీ. ఈ రెండూ నింపేశాక ఇక కొత్తగా నింపరని, ఆఫీసునే వేరేదాంట్లో కలిపేస్తున్నారని అందరికీ తెలుసు. ఒకటో నంబరు బదిలీ బాబు. నాలుగేళ్ల కింద వేరే ఊరి ఆఫీసు నుంచి వచ్చినందుకు ఆయనకా పేరు. రెండో నంబరు తపాలు మాస్టారు. మూడో నంబరు ఆవిడ. ఎవరికైనా అభ్యంతరాలుంటే పదిహేనో రోజు సాయంత్రం ఐదులోపు తపాలులో ఇవ్వాలి, ఆ తర్వాత వచ్చినవి చూడరు.

పక్క సీటు టైపిస్టు నోరు ఊరుకుంటేనా?

"రెండో నంబరని మురిసిపోకండి మాస్టారూ. చేరిన తేదీ పట్టుకుంటే మీరు పైన. పరీక్ష పాసైన తేదీ పట్టుకుంటే మేడంగారు పైన. ఆవిడ ఒక్క కాగితం పెట్టారంటే మీరు మూడో నంబరు."

"మా ఇంట్లో అలాంటివి ఉండవమ్మా" అన్నాడాయన.

అన్నాడే గానీ, ఆ మాట చెవిలో జోరీగలా దూరింది. ఆవిడకు నిబంధనలన్నీ కంఠతా వచ్చు. ఊళ్లోవాళ్ల కేసులు గెలిపించే మనిషి సొంత కేసు వదులుకుంటుందా? వదులుకోమని అడిగే హక్కు తనకుందా? ఆవిడకు ఇంకా నాలుగేళ్లుంది, కానీ పోస్టులే లేనప్పుడు నాలుగేళ్లుండి ఏం లాభం? అడిగేస్తే పోతుంది అనుకున్నాడు. కంచం ముందు కూర్చున్నప్పుడు అడుగుదామనుకున్నాడు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పి లేచాడు. బస్సులో అడుగుదామనుకున్నాడు, ఎండలు ముదిరాయన్నాడు. "పెడుతున్నా" అంటే ఏం చేయాలో తెలియదు. "నేనెందుకు పెడతానండీ" అంటే, అనుమానించినందుకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆవిడ ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని ఏదో రాస్తోంది. ఈయన టీ గ్లాసుతో వెళ్లేసరికి కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏంటది?"

"ఆఫీసు పనేలెండి. అయ్యాక చెప్తా."

గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఆ అరచెయ్యి మాత్రం కళ్ల ముందు నుంచి కదల్లేదు.

పదిహేనో రోజు ఆయన పొద్దుటి నుంచీ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎవరి చెప్పుల చప్పుడు వినబడ్డా కుర్చీలోంచి సగం లేచేవాడు. పదకొండింటికి అటెండరు సెక్షన్ల నుంచి కట్టలు తెచ్చి బల్ల మీద పెడితే, "అక్కడుంచు" అని పక్కకు తోశాడు. మధ్యాహ్నం దాటింది. ఆవిడ రాలేదు. మూడయింది, రాలేదు. నాలుగున్నరకు ఆయనకు కాస్త ఊపిరాడింది. పాపం, లేనిపోని అనుమానం పెట్టుకున్నాను అని తనను తనే తిట్టుకుని, పొద్దుటి నుంచి పేరుకున్న కట్ట ముందుకు లాక్కుని ముద్రలు కొట్టడం మొదలెట్టాడు.

ఐదింటికి పది నిమిషాలుందనగా ఆ కట్టలోంచే వచ్చింది. ఆవిడ గుండ్రటి అక్షరాలు. "విషయం: సీనియారిటీ తాత్కాలిక జాబితా, అభ్యంతరము సమర్పించుట గురించి." కింద ఆవిడ సంతకం. తలుపు కాపలా కాస్తుంటే, పాము పొద్దుటి నుంచీ పక్కలోనే ఉందన్నమాట.

చదవలేదు. చదవడానికి ధైర్యం చాలలేదు. అరచెయ్యి ఎందుకు అడ్డం పెట్టిందో ఇప్పుడు తెలిసింది అనుకున్నాడు. ఎన్నాళ్లనుంచో అడుగున తొక్కిపెట్టిన ఆ వరండా, ఆ మూడు గంటలు ఒక్కసారి పైకి తేలాయి. పిల్లనెత్తుకున్నది ఎవరు? ఆ ఏడు పరీక్ష వదులుకున్నది ఎవరు? ఆ పాసైన తేదీతోనే ఇప్పుడు నన్ను కొడుతుందా?

అటూ ఇటూ చూశాడు. టైపిస్టు సంచీ సర్దుకుంటోంది. రోజూ ఐదింటికి చేసే పనే కదా, పది నిమిషాలు ముందు చేస్తే కొంపలేం మునుగుతాయి అనుకున్నాడు. చక్రం తిప్పాడు. రేపటి తేదీ ముద్ర ఆ ఒక్క కాగితం మీద కొట్టి, రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి మొదటి నంబరు వేశాడు. ముప్పై మూడేళ్లలో కొట్టిన లక్షల ముద్రల్లో తేదీ తప్పింది ఆ ఒక్కటే.

ఆ సాయంత్రం బస్సులో ఆవిడ ఎన్నడూ లేనంత హుషారుగా ఉంది. "అమ్మయ్య, ఓ బరువు దిగింది" అంది. ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మూడు వారాలకు తుది జాబితా వచ్చింది. బదిలీ బాబు ఒకటి, మాస్టారు రెండు. అందరూ వచ్చి చేతులు పట్టుకుని ఊపారు. ఆ సందడి సద్దుమణగకముందే, పంపించాల్సిన కాగితాల్లో ఆవిడ పేరు మీద జవాబు ఒకటి ఆయన బల్ల మీదికే వచ్చింది. "గడువు ముగిసిన మర్నాడు అందినందున మీ దరఖాస్తు పరిశీలించబడలేదు." వెనక ఆవిడ దరఖాస్తు జతచేసి ఉంది. ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

ఒకటో నంబరువారు సొంత కోరిక మీద బదిలీ అయి వచ్చారు, అలా వచ్చినవారు కొత్త ఆఫీసులో జాబితా అడుగుకు వెళ్లాలని నిబంధన ఉంది, కనుక వారిని కిందికి దించవలెను అని రాసింది. రెండో నంబరువారు తనకన్నా ముందు చేరారు, వారి స్థానం మీద తనకు ఏ అభ్యంతరమూ లేదు అని కూడా రాసింది. బదిలీ బాబు దిగిపోతే మిగిలేది ఒకటి, రెండు. అంటే ఈయన, ఆవిడ. ఇద్దరికీ రెండు పోస్టులు.

ఆ జవాబు ఆవిడ సెక్షను గూట్లో పెట్టడానికి నాలుగడుగులు వేయాలి. సాయంత్రం దాకా వేయలేకపోయాడు.

ఇంటికి వచ్చాక ఆవిడ ఆ జవాబు బల్ల మీద పరిచింది. ముఖంలో కోపం లేదు, కోర్టు కేసు దొరికిన కళే ఉంది.

"పదకొండింటికే కట్టలో పెట్టించాను. అటెండరు సాక్షి. రసీదు తీసుకోలేదండీ, మా ఆయన సీటుకు వెళ్లే కాగితానికి రసీదేంటని" అని నవ్వింది. "మీకు ముందే చెప్తే మొగుడూ పెళ్లాం కూడబలుక్కుని బదిలీ బాబును దింపారంటారని నోరు కట్టేసుకున్నా. సరే, మీరు చక్రం తిప్పేసిన కంగారులో ఇది అటు పడుంటుంది. అప్పీలుకు రేపు సాయంత్రం దాకా టైముంది. మీరు ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

కాగితం, కలం ఆయన ముందుకు జరిపి, తనే చెప్పసాగింది.

"రాయండి. సదరు దరఖాస్తు ఆ రోజే నాకు అందినది. నా పొరపాటువల్ల..."

అందినది వరకు రాశాడు. 'నా' అని కూడా రాశాడు. ఆపైన కలం నడవలేదు.

"పొరపాటువల్ల" అంది ఆవిడ మళ్లీ.

"పొరపాటు కాదు" అన్నాడు.

ఆవిడ ఆయన ముఖం చూసింది. తర్వాత జతచేసిన దరఖాస్తు మీది ముద్ర వైపు చూసింది.

"నేను మీ మీద పెట్టాననుకున్నారా?"

తలూపాడు.

"చదివి కూడా చూడలేదా?"

"లేదు."

"పదిహేను రోజులు ఒకే బస్సులో వెళ్లొచ్చాం. ఒక్క మాట నన్ను అడగలేకపోయారా?"

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని, "పొరపాటనే రాసిస్తాను. ఎవరికీ తెలియదు. నీకూ వస్తుంది" అన్నాడు.

ఆవిడ ఆయన చేతిలోంచి కలం తీసుకుని మూత పెట్టింది.

"పొరపాటని నమ్మినంతసేపూ రాయించాను. తెలిశాక ఎలా రాయిస్తానండీ? నిజం రాస్తే మీ ఉద్యోగం పోతుంది, అదీ నా చేత్తో రాయలేను" అని లేచి వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు సాయంత్రం ఐదయింది, అప్పీలు రాలేదు. ఎందుకు పెట్టలేదని టైపిస్టు అడిగితే, ఓపిక లేదమ్మా అందట ఆవిడ.

ఒకటో తారీఖున ఆయన్ని కోర్టు కేసుల సెక్షనుకే సూపరింటెండెంటుగా వేశారు. ఆవిడ కాగితాలన్నీ ఇప్పుడు ఆయన సంతకానికే వస్తాయి. సంతకం కింద తేదీ వేయాల్సింది సంతకం పెట్టేవాళ్లే. ఆవిడ మాత్రం ప్రతి కాగితం మీదా ఆ తేదీ ముందే వేసి తెస్తుంది.