కాపలా పెట్టెకు పెట్టిన బొట్టు

ఓబుళేసు మొదట్లో శెనక్కాయల లారీ తోలేవాడు. తర్వాత పాత మారుతీ వ్యాను కొన్నాడు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఏ ఊళ్లో కాన్పు కష్టమైనా కబురు అతనికే. ఎవరినీ దారిలో వదిలేసిన మనిషి కాదు. బండ్లకు కరెంటు పని చేసే నాకు నోరు పెద్దది, ఎవరినీ ఊరికే మెచ్చుకోను. ఓబుళేసును మాత్రం మెచ్చుకునేవాణ్ణి.

2003లో బస్టాండు దగ్గర ఒక జీపును దొంగలెత్తుకుపోయారు. భయపడి ఓబుళేసు బెంగళూరు నుంచి అలారం తెప్పించుకున్నాడు. బిగించింది నేనే. రిమోటు నొక్కకుండా ఎవరైనా తాళం తిప్పితే సైరన్ మోగుతుంది, ఇంజనుకు కరెంటు ఆగిపోతుంది.

దసరా అయి పది రోజులు కాలేదు. పక్క పల్లె పెద్దమనిషి చిన్నప్ప కోడలు చంద్రికకు నొప్పులొచ్చాయి. అనంతపురం ఆసుపత్రికి బయల్దేరిన వ్యాను సగం దారిలో ఉన్నట్టుండి ఆగిపోయింది. సైరన్ ఒకటే కూత. ఓబుళేసు రిమోటు నొక్కీ నొక్కీ ఏడ్చేశాడట. వెనకొచ్చిన బస్సును ఆపేలోపే, ఆ గోలలోనే బిడ్డ పుట్టింది. పుట్టి ఏడవలేదు. బస్సులోని నర్సు ఒకావిడ దిగి, వీపు తట్టి, నోట్లో ఊది బతికించింది.

మర్నాడు వ్యాను నా షెడ్డుకు లాక్కొచ్చారు. చిన్నప్ప కూడా వచ్చాడు.

“ఇంగ మా ఊరోళ్లనెవరినీ ఈయప్ప బండి ఎక్కనియ్యను,” అన్నాడు.

ఓబుళేసు తలెత్తలేదు.

“బెంగళూరోళ్లు నాసిరకం సరుకు అంటగట్టినారప్పా. ఓబుళేసు తప్పేముండాది?” అని కసురుకుంటూ నేను అలారం పెట్టె మూత విప్పాను.

లోపల తీగలన్నీ పసుపు కుంకుమల ముద్దలో అతుక్కుపోయి, చిలుము పట్టి ఉన్నాయి.

“ఆయుధపూజ నాడు పెడితి గదన్నా,” అన్నాడు ఓబుళేసు మెల్లగా. “టెంకాయ నీళ్లు గూడా చల్లితి. బండిని కాచేది అదే గదా, దానికి చేయకపోతే ఎట్ల?”

చిన్నప్ప అతన్ని కొట్టేలా చూశాడు. ఏటా నా మీటర్లకూ టెస్టర్లకూ బొట్లు పెట్టుకునేవాణ్ణి నేను. ఆ రోజు అతను పళ్లెం పట్టుకొస్తే, “ఉండప్పా, లోపల గూడా పెడుదువు” అని ఇదే మూత తీసి పట్టుకున్నాను.

ఓబుళేసు ఆ మాట ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు.

“చిన్నప్పా,” అన్నాను, “మూత తీసిచ్చినోన్ని నేను.”