ఎవరో ఒకాయన

పదమూడేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దించలేకపోయానా, దించబుద్ధి కాలేదా? రెండోదే నిజమేమో. మీకు చెబుతున్నాను, వినండి.

నేను దొంకేశ్వర్ పిల్లను, తెలుగింటిదాన్ని. బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పాడు; అందుకు ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను. పెళ్లయి, ఆర్మూరు అంచున ఉన్న మరాఠీ వాళ్ల వాడకు వచ్చాను. కులం ఒకటే, భాష వేరు. పదకొండు ఇళ్లు. ఇళ్లు కదల్లేదు, రాష్ట్రాల హద్దే కదిలింది. చుట్టాలంతా మహారాష్ట్రలో పడ్డారు, వీళ్లు ఇవతల మిగిలారు. వాళ్ల భాష నేర్చుకున్నాను. విఠలుడి భజనలో పాడాలని ఎంత ఆశో.

పెళ్లయిన ఏడు తొలి ఏకాదశి నాడు గొంతెత్తగానే పొరుగింటి రుక్మత్త తాళాలు ఆపించింది. నాకు మరాఠీ అర్థం కాదన్నట్టు, కావాలని తెలుగులో, "నువ్వు గిట్ల పాడితే దేవుడు పండరికి ఉరుకుతడు. సప్పుడు చెయ్యకుండ కూసో" అంది. అందరూ నవ్వారు. నా భర్తా నవ్వాడు. మళ్లీ నేను నోరు విప్పలేదు.

కొన్నేళ్లకు మామయ్యకు చూపు పోయింది. వాడ చరిత్ర తనతో పోకూడదని ఆయన చెబుతుంటే నేను నోటుబుక్కులో రాశాను. పిల్లలు తెలుగు బడికి పోతున్నారు కనుక తెలుగులోనే రాయమన్నాడు. హద్దు మారిన ఏడాది సంగతి వచ్చింది. అవతలికి పోదామని అందరూ బండ్లు కట్టారట. రుక్మత్త తండ్రి గణపత్‌రావు అడ్డం నిలబడి, పసుపు ఇంకా భూమిలోనే ఉంది, తవ్వకుండా ఎక్కడికని, తన చేతులతో ఎడ్ల మెడల మీంచి కాడి దించాడట. ఆయన దించకపోతే ఈ వాడే లేదు. ఆ పేరు మామయ్య రెండుసార్లు చెప్పాడు. నేను మాత్రం "ఎవరో ఒకాయన కాడి దించాడు" అని రాశాను. ఆ సాయంత్రం దీపం పెట్టి, కలం నా చేతికిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అది భక్తేనా?

మామయ్య పోయాక ఆ పుస్తకాన్ని ఏటా ఏకాదశికి చదవసాగారు. మొదటిసారి విన్న రోజే రుక్మత్త నా దగ్గరికి వచ్చింది.

"కోడలా, మా నాయన పేరేది?"

"మామయ్య చెప్పలే, అత్తా."

"చెప్పకపాయెనా? నేను గా బండ్లెనే కూసున్న, చిన్నపోరిని. జర ఇప్పుడన్న రాయరాదె."

"సచ్చిపోయినాయన మాట నేనెట్ల మారుస్త? అయినా నాకు మీ భాష సక్కగ రాదు గద, అత్తా."

ఆమె ముఖం పాలిపోయింది. నేను తనివితీరా చూశాను.

ముసలివాళ్లు ఒకరిద్దరు ఆమె చెప్పింది నిజమేనన్నారు. పుస్తకంలో లేదు కదా, అన్నారు మిగతావాళ్లు. ఏటా ఆ వాక్యం దగ్గర ఆమె తలెత్తేది, దించుకునేది. చివరి ఏళ్లలో, తానే ఏదో కలగన్నదేమో అనడం మొదలుపెట్టింది. తన కళ్లతో చూసినదాన్ని తానే నమ్మకుండా చేశాను.

ఈమధ్యే రుక్మత్త పోయింది. పదకొండో నాడు కర్మకు వాడంతా చేరితే, ఆ పుస్తకం చదివింది ఆమె కొడుకే. సొంత తాతను "ఎవరో ఒకాయన" అని చదివి, ఆగకుండా ముందుకు పోయాడు. అప్పుడు కూడా నాకు లోపల ఎక్కడో తియ్యగానే ఉంది. దానికే భయపడ్డాను. ఆనాటి నుంచి అన్నం సయించలేదు.

క్షమించమని అడగను. నేనూ ఆమెను క్షమించలేదు. పుస్తకం నా పెట్టెలోనే ఉంది, ఇంకా దిద్దలేదు. దిద్దుతానో లేదో తెలియదు. కానీ ఇన్నాళ్లూ నా ఒక్కదానికే తెలిసింది ఇప్పుడు మీకూ తెలుసు. ఈ పూట అన్నం సయించింది.