నల్లా నీళ్ళకు తోడు

ఆ రోజుల్లో నీళ్ళకు ఒక రుచి ఉండేదని మా వయసువాళ్ళం నోరు తెరిస్తే చాలు, ఇంట్లో పిల్లలు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. నీళ్ళ రుచి గురించి మాట్లాడే అర్హత మాత్రం నాకు బాగానే ఉంది, ఎందుకంటే సూర్యాపేటలో ఆ రుచిని చంపే ఉద్యోగం నాదే. పోలీసు యాక్షను అయిపోయి, ఊళ్ళోకి కొత్త అధికారులూ కొత్త మాటలూ దిగిన కాలం అది. ఇంజను ఎలాగూ ఆడుతోంది కదా అని మా పేటలోని బియ్యం మిల్లు షావుకారు మిల్లు వెనక కొత్త బావి తవ్వించి, నీళ్ళు ట్యాంకులోకి ఎక్కించి, వీధికి నల్లాలు పెట్టించాడు. ట్యాంకులో మందు కలపడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. మిర్యాలగూడలో మా నాయనతో పాటు మిల్లులో ఊక బస్తాలు మోయడం తప్పించుకునే దారి కోసం వెతుకుతున్న నేను ఆ మనిషినయ్యాను.

ఉద్యోగమంటే ఏమీ లేదు. పొద్దున్నే బకెట్లో తెల్లమందు, అంటే బ్లీచింగు పొడి, కలిపి, పైకి తేరిన నీటిని ట్యాంకులో పోసి, కాసేపు ఆగి నల్లాలు వదలాలి. ఈమాత్రం దానికి నేను ఖాకీ చొక్కా కుట్టించుకున్నాను, మెడలో ఒక ఈల వేసుకున్నాను (ఈల ఎందుకో నాకూ తెలియదు, షావుకారూ అడగలేదు), ట్యాంకు తాళంచెవి మొలతాడుకు కట్టుకుని వీధిలో గలగలమనిపిస్తూ తిరిగేవాణ్ణి. మకాం మా మేనత్త ఇంట్లో. పేటలో ఆడవాళ్ళందరికీ ఆవిడ మాటంటే మాటే. పచ్చడిలో కారం ఎంత వేయాలన్నా, పసిపిల్లకు ఏ మందు నూరి పోయాలన్నా ఆవిడ గడపకే వచ్చేవారు.

నౌకరీ ఇంకా పక్కా కాలేదు. అదే నా దిగులు. అప్పుడే ఆత్మకూరు వైపు గత్తర తగిలిందని కబురు వచ్చింది. గత్తరంటే కలరా. ఇంట్లో ఒకరికి వస్తే మిగిలినవాళ్ళు పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయే రోజులు. షావుకారు నన్ను పిలిచి నిలబెట్టాడు. "సూడు పిలగా, దవాఖాన డాక్టరు సాబు వచ్చి ఇల్లిల్లు చూస్తడట. జనం దిగుడుబావి ముట్టకుంట నల్లా నీళ్ళే తాగుతున్నరంటే నీ నౌకరి పక్కా. లేకుంటే గా తాళంచెవి గీడ పెట్టి మిర్యాలగూడ బస్సెక్కు."

జనం మాత్రం నల్లా నీళ్ళతో అంట్లు తోముకుంటున్నారు, బర్రెలను కడుగుతున్నారు, తాగడానికి బిందెలు చంకన పెట్టుకుని ఎప్పటిలాగే దిగుడుబావికి పోతున్నారు. దిగుడుబావి సంగతి చెప్పాలంటే, పై మెట్ల మీద బట్టలు ఉతికేవారు, కింది మెట్ల మీద కాళ్ళు కడుక్కునేవారు, ఆ కింద బిందెలు ముంచేవారు. నేను ఎడ్లబండి నొగల మీద నిలబడి ఈల ఊది ఉపన్యాసం మొదలుపెట్టాను. బావి నీళ్ళలో కంటికి కనపడని పురుగులు ఉంటాయనీ, నా మందు వాటిని చంపేస్తుందనీ చెప్పాను. అంతా విని, మా వీధి రేడియో చిన్నమ్మ (ఊళ్ళో అసలు రేడియో షావుకారు ఇంట్లో ఉండేది, అంతకంటే గట్టిగా మోగేది ఈవిడ) ముందుకొచ్చింది.

"మందుకు పురుగులు సచ్చిపోతయా బిడ్డా?"

"చచ్చిపోతయి చిన్నమ్మా. ఒక్కటి మిగలదు."

"మరి సచ్చినయి ఏడికి పోతయి? గా నీళ్ళల్లనే ఉంటయి గదా?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు మందు కలపడం నేర్పినవాళ్ళు చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపే కోమట్ల ఇళ్ళ ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. చచ్చిన పురుగుల నీళ్ళు తాగితే నీసు తిన్నట్టేనని ఒకావిడ తేల్చేసింది. మా అత్తమ్మ నావైపు జాలిగా చూసి, "నీళ్ళకు దవాఖాన వాసన గొడ్తది అల్లుడా, నీ సుద్దులు ఎవరు ఇంటరు?" అంది. ఆ పూట అన్నం కూడా సయించలేదు నాకు. కంచంలో మెతుకులన్నీ ఊక లాగే కనిపించాయి.

అయితే ఏం జరిగిందో ఏమో, కొద్ది రోజులకే నల్లాల దగ్గర బిందెలు బారులు తీరాయి! కోమట్ల ఇళ్ళవాళ్ళు సైతం వచ్చి వరుసలో నిలబడ్డారు. నా ఉపన్యాసం ఆలస్యంగా ఎక్కిందనుకున్నాను. ఇంటికి వచ్చి అత్తమ్మ కుండలోంచి గ్లాసు ముంచుకుని తాగితే నీళ్ళు తియ్యగా, చల్లగా గొంతు దిగాయి, మందు వాసన లేశమైనా లేదు. మందు పాళ్ళలో నా చేయి తిరిగిందన్నమాట! ఆ నీళ్ళను తాగగలిగినంత తాగి, వీధి అరుగుల మీద కూర్చుని, "ఇవి నా చేతి నీళ్ళు" అని చెప్పుకు తిరిగాను. అరుగుల మీది ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వితే, నన్ను చూసి మురిసిపోతున్నారనుకున్నాను.

డాక్టరు సాబు రానే వచ్చాడు, వెంట షావుకారు. సన్నగా, పొడుగ్గా, ముక్కుతోనే సగం రోగం కనిపెట్టేలా ఉన్నాడు. ముందు నల్లా తిప్పి దోసిట్లో పట్టి వాసన చూశాడు. తల ఊపాడు. తరవాత నేనే ముందు నడిచి, గర్వంగా మా అత్తమ్మ ఇంటికే తీసుకుపోయాను. ఆయన కుండలోంచి గ్లాసెడు ముంచి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని, గ్లాసు కింద పెట్టాడు.

"నల్లాల మందు ఉంది, కుండల లేదు. ఎట్ల?" అన్నాడు నావైపు తిరిగి. "నేను వస్తున్ననని ఇయ్యాల ఒక్కరోజు కలిపినవా? రోజూ కలుపుతలేవా?"

షావుకారు చేయి అప్పుడే తాళంచెవి కోసం ముందుకు వచ్చింది. అప్పుడు మా అత్తమ్మ కొంగు నడుముకు బిగించి గడపకు అడ్డంగా నిలబడింది. "అయ్యో, పిలగాని తప్పేం లేదు సారూ! వాడు రోజూ కలుపుతడు. గవి పచ్చి నీళ్ళు గదా, తాగితే వాసన కొడ్తున్నయని నేనే నీళ్ళు తేరెటందుకు చిల్లగింజ అరగదీసి, దిగుడుబావి నీళ్ళు ముంతెడు పోసి తోడు పెడ్తున్న. తెల్లారేసరికి మంచిగైతున్నయి. పేటంత గిట్లనే చేస్తున్నరు."

అంటే నేను వీధి వీధీ తిరిగి పొగిడిన నా చేతి నీళ్ళలో సగం మహిమ బట్టలు ఉతికిన మెట్ల కిందిదన్నమాట. డాక్టరు సాబు ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. "బావి నీళ్ళు కలిపినంక ఇగ మందు ఎందుకమ్మా? కలిపితే కలిపినవు, గా తోడన్న కాగబెట్టి పొయ్యరాదూ?" అన్నాడు.

"కాగిన చల్ల తోడుకుంటదా సారూ?" అంది అత్తమ్మ. వీధిలో గుమిగూడినవాళ్ళంతా ఔనౌనన్నారు. షావుకారు కూడా, పాపం, తెలియకుండానే తల ఊపాడు.

"బావికి తాళం వేయించాలె. ఈ పిల్లవాణ్ణి పంపించెయ్" అన్నాడు డాక్టరు షావుకారుతో.

పైకి చెప్పుకోకూడదు గానీ ఆ క్షణంలో నాకు గత్తర గుర్తు లేదు, పేట గుర్తు లేదు. మిర్యాలగూడ మిల్లూ, వీపు మీద బస్తా గరగరా గుర్తున్నాయి. ఎక్కడినుంచి వచ్చిందో మాట దానంతటదే వచ్చింది. "అత్తమ్మా, మనింట్ల పెరుగుకు రోజూ తోడు ఏడికెల్లి తెస్తవ్?"

"ఏడికెల్లి తెచ్చుడేందిరా? నిన్నటి పెరుగే ఇయ్యాల్టికి తోడు. పొద్దుగూకంగనే గిన్నె పట్టుకొని ఇంటింటికీ తిరిగే ఇల్లాలినా నేను?"

"మరి నీళ్ళ తోడుకు రోజూ బావికెందుకు పోతున్నవ్? నిన్నటి కుండల నీళ్ళు ముంతెడు ఉంచితే సాలదా?"

రేడియో చిన్నమ్మ పకపకా నవ్వి, "అయితే ఇన్నొద్దులు తోడు అడుక్కున్నది మనమేనా అక్కా!" అంది. ఆ మాట అత్తమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ముంత తీసి మూల పెట్టేసింది. అయినా అంత తేలిగ్గా ఓడిపోయే మనిషా? "సరే గని, మొదటి తోడన్న మంచి ఇంటికెల్లి రావాలె గదా?" అని పట్టుబట్టింది.

డాక్టరు సాబు మీసాల కింద నవ్వు కదలడం నేను చూశాను. "కుండలు మొత్తం వేడినీళ్ళతోని కడుగున్రి. తోడు మా ఇంట్లకెల్లి పంపిస్త" అన్నాడు.

ఆ సాయంత్రం డాక్టరు ఇంటి తోడు కోసం మా పేటలో జరిగిన తోపులాట నల్లాల దగ్గర కూడా ఎన్నడూ జరగలేదు. నా ఈలకు మొదటిసారి అసలైన పని పడింది. కుండలో రాత్రంతా నిలిచిన నీటికి మందు వాసన దానంతటదే చాలావరకు పోతుందని నాకు తరవాతెప్పుడో తెలిసింది, కానీ అత్తమ్మతో చెప్పే ధైర్యం ఏనాడూ చేయలేదు. గత్తర మా పేటకు రాలేదు. డాక్టరు సాబు తోడు మహిమ అని పేట అంది, నా మందు మహిమ అని నేనన్నాను, నా మాట ఎవరూ పట్టించుకోలేదు. నౌకరీ మాత్రం పక్కా అయింది.

తరవాత కొన్నాళ్ళకు కోదాడలో కొత్తగా నల్లాలు పెడుతుంటే నన్ను అక్కడికి పంపారు. బస్సు దగ్గరికి అత్తమ్మ వచ్చింది, చేతిలో మూతికి గుడ్డ కట్టిన చిన్న చెంబు. "కొత్త ఊరు, కొత్త నీళ్ళు. మన తోడు తీస్కపో బిడ్డా" అంది. బస్సులో అందరూ చూస్తున్నారు. నీళ్ళకు మందు కలిపే మనిషిని, నాకు తోడేమిటని నవ్వేశాను. ఆవిడ చెంబు నా ఒళ్ళో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగిపోయింది. దారి పొడుగునా ఒలక్కుండా దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

కోదాడలో ఇంటి యజమానురాలు చెంబు చూసి, "ఏంటి బాబూ అది, నెయ్యా?" అని అడిగింది. "కాదండీ, మంచినీళ్ళే" అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళాక గది తలుపు దగ్గరికి వేసి, కొత్త కుండలో నల్లా నీళ్ళు నింపి, అత్తమ్మ ఇచ్చిన చెంబెడూ అందులో పోశాను. తెల్లారేదాకా ఆగాలని తెలిసి కూడా ఆగలేక ఒక గ్లాసు ముంచుకుని తాగాను. మందు వాసన గుప్పుమంది. అయినా ఇంకో గ్లాసు తాగాను.