బోరు పొడితో ముగ్గు

భూగర్భశాస్త్ర విభాగం వాకిట్లో ఆ ముగ్గు చూసి మొదట ముచ్చటపడ్డాను. ఆ మాట ఆనాటి డైరీలో అలాగే ఉంది, కొట్టివేయలేదు. బూడిద రంగు, గులాబీ, తెలుపు, నలుపు కలిపి పెద్ద పద్మం వేశారు. మధ్యలో విశ్వవిద్యాలయం చిహ్నం. ఆ రోజు తనిఖీ బృందం వస్తోంది. లోపలికి పోవాలంటే ముగ్గు తొక్కకుండా గోడ వెంట పక్కవాటుగా నడవాలి.

నేను హుజూరాబాద్‌లో సైన్స్ ఉపాధ్యాయుడిగా రిటైరైనవాణ్ణి. ఆ విభాగం వాళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు బడి టీచర్లకు శిక్షణ పెట్టినప్పుడల్లా నన్ను పిలిచేవారు. రాళ్లు ఎలా సేకరించాలో, చీటీ ఎలా రాయాలో చెప్పడం నా పని. పెద్ద విద్యేమీ కాదు. రాయి ఎక్కడ దొరికింది, ఎంత లోతున దొరికింది, ఎవరు తెచ్చారు అన్నది చీటీ మీద రాయాలి; ఆ చీటీ రాయితోనే ఉండాలి. రెండూ విడిపోతే మిగిలేది కంకర. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వెనక వరుసలో విభాగం వాళ్లు కూర్చుని తలలూపేవారు.

ఆదిలాబాద్ టీచర్లు నల్లరాయి, రాయిగా మారిన చెట్టు ముక్కలు తెచ్చేవారు. హుస్నాబాద్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ మాత్రం బోరు పొడి తెచ్చింది. బోరు బండి బండను తొలుస్తుంటే పైకి లేచే పొడి అది. మా వైపు తొలిచే రాడ్డు ఒకటి దిగి ఇంకోటి తగిలించినప్పుడల్లా గుప్పెడు పొడి తీసి, పొలం గట్టున వరుసగా చిన్న చిన్న కుప్పలు పోస్తారు. కింద ఏ రాయి తగిలిందో ఆ కుప్పల రంగు చూసి తెలుసుకుంటారు, ఇంకా తొలవాలా వద్దా అని అక్కడే వాదులాడుకుంటారు. మర్నాటికి వాటిని కోళ్లు గెలికేస్తాయి.

ఆమె పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి, ఒక్కో కుప్పను ఒక్కో ప్యాకెట్లో నింపి, చీటీ రాసి పెట్టేది. ఫలానా వారి చెల్కలోకి, అంటే మెట్ట పొలంలోకి, బోరు బండి వచ్చిందని ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల సంఘం వాళ్లే ఆమెకు చెప్పేవారు. అలా కొన్నేళ్లు కూడబెట్టింది.

ఎందుకంటే ఆ ఊళ్లో కొన్ని బోర్ల నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపట్టాయి. పక్క చెల్కలో బోరు నీళ్లేమో బాగుంటాయి. బడికి కొత్త బోరు మంజూరైంది. చెడ్డ నీళ్లిచ్చే రాయి ఏదో, అది ఎంత లోతున మొదలవుతుందో తేలితే దాన్ని తప్పించి బోరు వేయించుకోవచ్చు. ఆ పని కోసమే ప్యాకెట్లన్నీ విభాగానికి అప్పగించింది. ప్రజలతో కలిసి చేసే పరిశోధన అని విభాగం వాళ్లు సంబరపడి తీసుకున్నారు. బోరు బండి వచ్చేలోపు తేల్చి చెబుతామన్నారు.

ఆ జవాబు కోసమే ఆ రోజు ఇద్దరం వెళ్లాం. నేను గోడ వెంట నడిచి గుమ్మం దాటాను. ఆమె రాలేదు. తిరిగి చూస్తే ముగ్గు ముందు వంగి, చిటికెడు గులాబీ పొడి వేళ్ల మధ్య నలుపుతోంది.

"సార్, గిది మన బోరు దుబ్బనే."

నేను నమ్మలేదు. సామాను గదిలోకి పోయి చూశాను. పాల ప్యాకెట్లన్నీ మూల కత్తిరించి ఉన్నాయి, ఖాళీగా. చీటీలు మాత్రం ఒక్కటీ పోలేదు. అన్నిటినీ ఒక్క కట్టగా పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, బీరువాలో దాచారు. ఆ కట్టను చూసినప్పుడు పుట్టినంత రోత నాకు ముగ్గును చూసినా పుట్టలేదు. వెనక వరుసలో కూర్చుని వీళ్లు తలలూపింది దేనికి?

విభాగం పెద్దాయన కొత్త కోటులో ఉన్నాడు. "పరేషాన్ కాకుండ్రి సార్, పొడే గదా. మల్ల తెప్పిద్దాం," అన్నాడు.

"యాడికెల్లి తెప్పిస్తరు సార్? బోరు ఒక్కపారే ఏస్తరు," అంది ఆమె.

"గా రంగులు బజార్ల దొరుకుతయా అమ్మా? మస్తు కుదిరినయ్. కమిటీకి మీ ఊరి పేరు గూడ చెప్తం."

చెప్పాడు కూడా. ఇది ప్రజల భాగస్వామ్యం అన్నాడు. బృందంలో ఒకాయన రంగులు సహజమైనవేనా అని అడిగి, మెచ్చుకుని, ఫోటో తీసుకున్నాడు. వాళ్లు భోజనానికి వెళ్లగానే చీపురు వచ్చింది. వాకిలి ఊడ్చిన చప్పుడు వింటూ మేమిద్దరం బస్టాండుకు నడిచాం. ఆ మనుషులతో కలిసి ఒకే బల్ల దగ్గర అన్నేళ్లు టీ తాగాను.

తర్వాత వాళ్లు ఒక నివేదిక పంపారు. పాత భూగర్భ పటం చూసి రాసిన నివేదిక అది. పొడి పరీక్షించినట్టే రాసి, కింద ఆమె సంతకానికి చోటు వదిలారు. ఆమె నాకు ఫోన్ చేసి, "నా సంతకం చూస్తే ఊరంత నమ్ముతరు సార్. నేను పెట్ట," అంది. చెడ్డ రాయి ఎంత లోతున ఉందో తనకు తెలియదనే బడి కమిటీకి చెప్పింది. ఇన్నేళ్లు దుబ్బ ఏరి ఏం చేసినవమ్మా అని వాళ్లు ఎగతాళి చేశారట. ఆ తర్వాత, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిచారు. బడి వెనక గోడ దగ్గర కాయ నిటారుగా లేచిందట. అక్కడే బోరు వేశారు.

నీళ్లు బాగానే పడ్డాయి. పరీక్షకు పంపితే తాగడానికి పనికిరావని తేలింది. ఇప్పుడు వాటితో గిన్నెలు కడుగుతున్నారు. బడికి నీళ్ల డబ్బాలు ఆటోలో వస్తున్నాయి. డబ్బాలు రాని రోజు పిల్లలు ఆ నీళ్లే తాగుతున్నారు.

పోయిన వారం కొత్త శిక్షణ కరపత్రం మా ఇద్దరికీ వచ్చింది. దాని మీద ఆ పద్మం ముగ్గు ఫోటో వేశారు. ఊరి నమూనాలు తీసుకుని రమ్మని కూడా అచ్చువేశారు. బడి బోరు వేస్తున్నప్పుడు ఆమె ముక్కుకు కొంగు కట్టుకుని మళ్లీ రాడ్డు రాడ్డుకూ పొడి పట్టిందట. ఫోన్‌లో అడిగింది.

"పంపాల్నా సార్?"

"పంపకు బిడ్డా. బడి బీరువలనే పెట్టి తాళమేసుకో," అన్నాను.